బండి మూలన పెట్టే ముందు బ్యాటరీ సంగతి

మా తమ్ముడు దుబాయ్ వెళ్తూ మోటారు సైకిల్ తాళంచెవి బాపు చేతిలో పెట్టి, "రోజూ ఒకసారి స్టార్ట్ చెయ్యి బాపూ, లేకపోతే బ్యాటరీ దిగిపోతుంది" అన్నాడు. బాపు మాట తప్పే మనిషి కాదు. హన్మకొండలో మా ఇంటి రేకుల షెడ్డు కింద ఉన్న ఆ బండిని, పొద్దున్నే పాలు తెచ్చాక సెల్ఫ్ కొట్టి, రెండు నిమిషాలు నడవనిచ్చి ఆపేసేవాడు. మార్చిలో మొదలుపెట్టాడు. మే సగానికి వచ్చేసరికి బటన్ నొక్కితే టిక్ టిక్ అనడం తప్ప ఇంకేమీ లేదు. మీటరు పెట్టి చూస్తే 10.8 వోల్టులు. రాత్రంతా ఛార్జింగ్ పెట్టించినా నిలవలేదు. "రోజూ స్టార్ట్ చేస్తూనే ఉన్నాను కదరా" అన్నాడు బాపు. తప్పు ఆయనది కాదు, ఆ సలహాది.

సెల్ఫ్ కొట్టిన క్షణంలో మోటారు పదుల ఆంపియర్లు లాగుతుంది. ఆ బాకీ తీరాలంటే బండి రోడ్డు మీద పరుగెత్తాలి. నిలబెట్టి నడిపిస్తే తయారయ్యే కరెంటే తక్కువ. అందులోనూ 2017 ఏప్రిల్ నుంచి వచ్చిన టూవీలర్లకు ఇంజిన్ నడుస్తున్నంతసేపూ ముందు దీపం వెలుగుతూనే ఉంటుంది. దానికీ, ఇంజిన్‌కు పెట్రోలు తోసే చిన్న మోటారుకీ పోగా బ్యాటరీకి మిగిలేది దాదాపు ఏమీ ఉండదు. కాబట్టి నడిపే మనిషి ఉంటే వారానికోసారి కాజీపేట దాటి మడికొండ దాకా వెళ్లి రమ్మనండి, అరగంటకు తగ్గకుండా. లేదంటే అసలు ముట్టుకోవద్దని చెప్పండి.

చలిదేశాల వాళ్లు మంచు కాలానికి ముందు బ్యాటరీ విప్పి దాచుకుంటారు. మనకు ఆ జాగ్రత్త ఎండాకాలానికి ముందు కావాలి. సీసపు పలకలు, యాసిడ్ ఉండే మామూలు బ్యాటరీ (లెడ్ యాసిడ్) వాడకపోయినా తనంతట తానే దిగుతుంది. 25 డిగ్రీల్లో నెలకు సుమారు 3 నుంచి 5 శాతం. పది డిగ్రీలు పెరిగితే ఆ వేగం ఇంచుమించు రెట్టింపు. రామగుండంలో, వరంగల్‌లో ఎండ 45 దగ్గర ఆడే రోజుల్లో రేకుల కింద ఉన్న బండి ఎంత వేడెక్కుతుందో సీటు మీద చెయ్యి పెట్టి చూడండి. అలా దిగిన బ్యాటరీని వారాల తరబడి వదిలేస్తే లోపలి పలకల మీద సీసపు సల్ఫేటు గట్టిపడుతుంది. ఆ తర్వాత ఎంత ఛార్జ్ చేసినా పూర్తి బలం తిరిగి రాదు.

దీనికి తోడు దొంగ వాడకం ఒకటి ఉంటుంది. తాళంచెవి తీసేసినా గడియారం, అలారం, జీపీఎస్ పెట్టె కొంచెం కొంచెంగా తాగుతూనే ఉంటాయి. పది మిల్లీ ఆంపియర్లే అనుకోండి, రోజుకు 0.24 ఆంపియర్ అవర్ (బ్యాటరీలో పట్టే కరెంటుకు కొలత ఇది). 5 ఆంపియర్ అవర్ల బ్యాటరీ పది రోజుల్లో సగానికి వస్తుంది. ఫోను ఛార్జింగ్ పాయింటు, హారను బయట బిగించుకున్నవాళ్లు ఆ వైర్లు ఎక్కడ కలిపారో ముందు చూసుకోవాలి.

మూడు వారాలు దాటి ఊళ్లో ఉండకపోతే బ్యాటరీ విప్పి ఇంట్లో పెట్టడమే నా మాట. తాళం ఆఫ్ చేసి, ముందు నెగటివ్ తీగ విప్పాలి, తర్వాత పాజిటివ్. బిగించేటప్పుడు పాజిటివ్ ముందు. ఈ వరుస ఊరికే పెట్టలేదు. నెగటివ్ ఉండగానే పాజిటివ్ విప్పబోతే, చేతిలోని పానా ఫ్రేముకు తగిలి నిప్పురవ్వలు లేస్తాయి. నాకు ఒకసారి పానా మొన మాడింది. టెర్మినళ్ల మీద తెల్లటి, పచ్చటి పొడి పేరుకుని ఉంటే వంటసోడా కలిపిన నీళ్లతో తుడిచి, ఆరాక కాస్త వాజలీన్ రాయండి.

విప్పినదాన్ని చల్లటి గదిలో, పిల్లలకు అందని చోట నిలువుగా పెట్టండి. గచ్చు మీద పెడితే కరెంటు నేలలోకి పోతుందని ఇప్పటికీ అంటారు. ప్లాస్టిక్ డబ్బా బ్యాటరీకి ఆ భయం లేదు. దేవుడి గది, పొయ్యి పక్కన మాత్రం వద్దు. ఛార్జ్ అవుతున్నప్పుడు హైడ్రోజన్ వాయువు వస్తుంది, అది అంటుకోవడానికి దీపం చాలు. కిటికీ తీసి ఉంచాలి.

ఎండాకాలంలో నెలకోసారి పూర్తిగా ఛార్జ్ చేయాలి. ఆంపియర్ అవర్లలో పదో వంతు కరెంటు చాలు. అంటే 5 ఉన్నదానికి అర ఆంపియర్. ట్రాక్టర్ బ్యాటరీల ఛార్జర్‌కు తగిలిస్తే చిన్న బ్యాటరీ వేడెక్కి ఉబ్బుతుంది. దుకాణంలో ఇస్తే ఈ మాట నోరు తెరిచి చెప్పండి. నిండగానే తనే తగ్గించుకునే ఆటోమేటిక్ ఛార్జర్ కొనుక్కుంటే ఈ గొడవ లేదు. లిథియం బ్యాటరీకి దాని ఛార్జరే వాడాలి.

మూతలున్న రకం అయితే నీటిమట్టం రెండు గీతల మధ్య ఉందో లేదో చూసి, తగ్గితే డిస్టిల్డ్ వాటర్ పొయ్యండి. నల్లా నీళ్లు పనికిరావు, యాసిడ్ అసలే వద్దు. సీలు వేసినదాన్ని తెరవకూడదు.

వానాకాలం సంగతి వేరు. 2023 జూలై చివర్లో వరంగల్, హన్మకొండ కాలనీల్లోకి నీళ్లు వచ్చినట్టు వస్తే, మునిగిన బండికి ముందు తాళం తిప్పకండి. నీళ్లు తీశాక నెగటివ్ తీగ విప్పి మెకానిక్‌ను పిలవండి.

తిరిగి బిగించే ముందు ఒక పరీక్ష ఉంది. ఛార్జ్ పూర్తయ్యాక ఒక రాత్రి దేనికీ తగిలించకుండా వదిలి, పొద్దున మీటరు పెట్టండి. 12.6 గానీ ఆపైన గానీ చూపిస్తే నిండుగా ఉన్నట్టే. 12.4 అంటే ముప్పావు వంతు, 12.2 అంటే సగం. రాత్రి నిండిందన్నది పొద్దుటికి 12.4 కంటే దిగితే బిగించి లాభం లేదు. పాతదాన్ని తీసుకెళ్లి, కొత్తదాని ధరలో కొంత తగ్గించమని అడగండి.