లినక్స్‌లో ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి ఫైళ్లు కాపీ కావడం లేదా? ఇలా చేసి చూడండి

డిస్క్ పెట్టగానే తెరుచుకుంటుంది. లోపలున్న ఫోటోలు, వీడియోలు అన్నీ కనిపిస్తాయి. కానీ రైట్ క్లిక్ చేస్తే ‘పేస్ట్’ మాత్రం మసకబారి, నొక్కినా పలకదు. ఇలాంటప్పుడు చాలామంది చెప్పే చిట్కా ‘సీహెచ్‌మోడ్ 777’, అంటే అందరికీ అన్ని హక్కులూ ఇచ్చేసే కమాండ్. దాని జోలికి పోకండి. విండోస్ డిస్కుల మీద అది సాధారణంగా పనిచేయదు, పనిచేసిన చోట మీ ఫైళ్లను ఎవరైనా మార్చేయొచ్చు. ముందు జబ్బేంటో తేల్చుకోవాలి.

1. ఏ ఎర్రర్ వస్తుందో చూడండి

డిస్క్ ఫోల్డర్‌లో ఖాళీ చోట రైట్ క్లిక్ చేసి టెర్మినల్ తెరవండి. ‘టచ్’ అని ఇంగ్లిష్‌లో కొట్టి, స్పేస్ ఇచ్చి, ఏదో ఒక పేరు రాసి ఎంటర్ నొక్కండి. ‘రీడ్-ఓన్లీ ఫైల్ సిస్టమ్’ అని వస్తే, డిస్క్‌ను లినక్స్ చదవడానికి మాత్రమే తెరిచిందని అర్థం. ‘పర్మిషన్ డినైడ్’ అంటే మాత్రం, డిస్క్‌కు ఏమీ కాలేదు, అందులో రాసే హక్కు మీ యూజర్‌కు లేదు. ఈ రెండింటికీ మందు వేరు.

2. ఫార్మాట్ ఏంటో తెలుసుకోండి

ఉబుంటులో ‘డిస్క్స్’ అనే యాప్ ఉంటుంది. అందులో మీ డిస్క్‌ను ఎంచుకుంటే ‘కంటెంట్స్’ దగ్గర ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్‌ది), ఎక్స్‌ఫ్యాట్ (అన్ని సిస్టమ్‌లలో నడిచేది), ఈఎక్స్‌టీ4 (లినక్స్‌ది) లాంటి పేరు కనిపిస్తుంది.

3. ‘రీడ్-ఓన్లీ’ వస్తే

ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్క్ అయితే అనుమానం విండోస్ మీదే. ‘సేఫ్‌లీ రిమూవ్’ నొక్కకుండా వైరు పీకేసినా, డిస్క్ పెట్టి ఉండగానే హైబర్నేట్ చేసినా, పని సగంలో ఆగిందన్న గుర్తు డిస్క్ మీద మిగిలిపోతుంది. విండోస్ 8 నుంచి వచ్చిన ‘ఫాస్ట్ స్టార్టప్’ కూడా ఇంతే: షట్‌డౌన్ అని నొక్కినా సిస్టమ్ పూర్తిగా ఆగదు, సగం నిద్రపోతుంది. ఆ స్థితిలో రాస్తే డేటా పాడవుతుందని లినక్స్ చేతులు కట్టేసుకుంటుంది. కొన్నిసార్లు డిస్క్‌ను అసలు తెరవనే తెరవదు.

సరైన మందు విండోస్‌లోనే ఉంది. డిస్క్‌ను అక్కడ పెట్టి, ప్రాపర్టీస్‌లో ‘టూల్స్’ కింద ‘చెక్’ నొక్కండి. అది అయ్యాక ‘సేఫ్‌లీ రిమూవ్’ చేసి తీయండి. దగ్గర్లో విండోస్ లేకపోతే డిస్క్‌ను అన్‌మౌంట్ చేసి (అంటే వైరు తీయకుండానే సిస్టమ్ నుంచి విడదీసి) ‘ఎన్‌టీఎఫ్‌ఎస్‌ఫిక్స్’ కమాండ్ వాడొచ్చు, కానీ అది పైపై మరమ్మతే. ముఖ్యమైన ఫైళ్లు ముందే వేరే చోటికి కాపీ చేసుకోండి.

మ్యాక్‌లో వాడిన హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ డిస్క్ అయితే, జర్నలింగ్ (చేయబోయే మార్పులను ముందే నోట్ చేసుకునే పద్ధతి) ఆన్‌లో ఉన్నంతవరకూ లినక్స్ అందులో రాయదు. రెండు సిస్టమ్‌లకూ వాడాలంటే డేటా తీసేసి ఎక్స్‌ఫ్యాట్‌లోకి ఫార్మాట్ చేయడం నయం.

4. ‘పర్మిషన్ డినైడ్’ వస్తే

ఈఎక్స్‌టీ4 డిస్క్‌ను కొత్తగా ఫార్మాట్ చేస్తే అన్నిటికంటే పైనున్న ఫోల్డర్ తరచుగా రూట్ (సిస్టమ్ అడ్మిన్) పేరు మీదే ఉండిపోతుంది. ‘డిస్క్స్’ యాప్‌లో గేరు గుర్తు నొక్కితే ‘టేక్ ఓనర్‌షిప్’ ఉంటుంది, దాంతో పని అయిపోతుంది. ఆ ఆప్షన్ కనిపించకపోతే టెర్మినల్‌లో సుడోతో (అడ్మిన్ హక్కులతో కమాండ్ నడిపించేది) ‘సీహెచ్‌ఓన్’ అనే యజమానిని మార్చే కమాండ్ వాడాలి. అప్పుడు డిస్క్ అడ్రస్ ఒకటికి రెండుసార్లు చూసుకోండి: పొరపాటున సిస్టమ్ ఫోల్డర్ మీద నడిపితే లినక్స్ మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోవాల్సి రావొచ్చు.

ఎన్‌టీఎఫ్‌ఎస్, ఎక్స్‌ఫ్యాట్‌లలో యజమాని ఎవరన్నది మామూలుగా మౌంట్ చేసేటప్పుడే, అంటే డిస్క్‌ను సిస్టమ్‌కు కలిపేటప్పుడే తేలిపోతుంది. మీరే సుడోతో మౌంట్ చేసుంటే అన్‌మౌంట్ చేసి, ఫైల్ మేనేజర్‌లో డిస్క్ పేరు మీద క్లిక్ చేయండి, మీ పేరుతోనే తెరుచుకుంటుంది.

5. ఉన్నట్టుండి మధ్యలో ఆగిపోతే

నిన్నటిదాకా బాగానే రాసిన డిస్క్ కాపీ మధ్యలో రీడ్-ఓన్లీకి మారితే, వైరు, పోర్టు మార్చి చూడండి. సుడోతో ‘డీమెసేజ్’ కమాండ్ (అక్షరాలు డి, ఎం, ఇ, ఎస్, జి) నడిపినప్పుడు చివరి వరుసల్లో ‘ఐ/ఓ ఎర్రర్’ పదే పదే కనిపిస్తే డిస్కే చెడిపోతూ ఉండొచ్చు. రాసే ప్రయత్నం మానేసి, చదవగలిగినంత డేటా ముందు బయటికి తీసుకోండి.