ఆఫీసులో సాంబా సర్వర్ పెడుతున్నారా? మొదటి ఫైల్ వేయకముందే ఇవి చూసుకోండి

చిన్న డీటీపీ ఆఫీసుల్లో ఇప్పుడు మూడు రకాల సిస్టమ్‌లు ఒకే గదిలో కనిపిస్తున్నాయి. బిల్లింగ్‌కీ టైపింగ్‌కీ విండోస్, డిజైనర్‌కి మ్యాక్, ఓ మూలన ఉబుంటు (లైనక్స్‌లో ఒక రకం). ఒక పాత సీపీయూలో లైనక్స్ ఎక్కించి, సాంబా (లైనక్స్ ఫోల్డర్‌ని నెట్‌వర్క్‌లో మిగతా సిస్టమ్‌లకీ షేర్ చేసే సాఫ్ట్‌వేర్) వేసి, అందరికీ ఒక ఫోల్డర్ షేర్ చేయడం గంట పని. అసలు తలనొప్పి నెల తర్వాత మొదలవుతుంది. ఒకరు సేవ్ చేసిన ఫైల్ ఇంకొకరికి తెరుచుకుంటుంది గానీ సేవ్ కాదు. నిన్నటి కార్డు ఎవరు తీసేశారో తెలియదు. ఇలాంటివి చాలావరకు మొదటి రోజే తేల్చుకోవచ్చు. లక్ష ఫైళ్లు పడ్డాక పేర్లూ హక్కులూ సరిచేయడమంటే ఆదివారాలన్నీ దానికే పోతాయి.

ముందుగా, మూడు సిస్టమ్‌లకీ ఒకటే దారి చాలు. సాంబా మాట్లాడేది ఎస్ఎంబీ, అంటే విండోస్ ఫైల్ షేరింగ్ పద్ధతి. ఆపిల్ కూడా 2013లో వచ్చిన మావెరిక్స్ అనే మ్యాక్ వెర్షన్ నుంచి దాన్నే ముందుకు తెచ్చింది. లైనక్స్ ఎటూ దాన్ని మౌంట్ చేసుకుంటుంది, అంటే తన ఫోల్డర్‌లా తగిలించుకుంటుంది. కాబట్టి విండోస్‌కి సాంబా, ఉబుంటుకి ఎన్ఎఫ్ఎస్ (లైనక్స్ వైపు ఫైల్ షేరింగ్ పద్ధతి) అని ఒకే ఫోల్డర్‌ని రెండు దారుల్లో తెరవకండి. ఇటు తెరిచిన ఫైల్ తాళం సంగతి అటు సరిగ్గా చేరదు. పైగా మామూలు ఎన్ఎఫ్ఎస్ మనిషిని పేరుతో కాక నంబరుతో గుర్తిస్తుంది. ఉబుంటులో మొదటి యూజర్ నంబరు 1000, మ్యాక్‌లో 501. ఇద్దరూ ఒక్కరే అని సర్వర్‌కి ఎవరు చెప్పాలి?

డిస్క్ విషయంలో ఒకటే మాట: షేర్ పెట్టే డిస్క్‌ని ఎక్స్‌ట్4 అనే లైనక్స్ ఫార్మాట్‌లో ఫార్మాట్ చేయండి. పెన్‌డ్రైవ్‌లలో కనిపించే ఎక్స్‌ఫ్యాట్‌లో లైనక్స్ హక్కులు నిలవవు. యూఎస్‌బీ డిస్క్ అయితే ఇంకో మోసం ఉంది. ఏదో కారణాన అది మౌంట్ కాకపోతే, అది ఉండాల్సిన చోట ఖాళీ ఫోల్డర్ మిగులుతుంది. సాంబా దాన్నే షేర్ చేస్తుంది. స్టాఫ్ అందులోనే పని చేసుకుపోతారు, ఫైళ్లన్నీ సిస్టమ్ డిస్క్‌లో పడతాయి. సాయంత్రం డిస్క్ మళ్లీ తగిలిస్తే ఆ రోజు పని మొత్తం దాని కింద దాక్కుంటుంది. మందు సులువే. మౌంట్ పాయింట్‌ని (డిస్క్ తగిలే ఆ ఫోల్డర్‌ని) నేరుగా షేర్ చేయకుండా, డిస్క్ లోపల ఒక ఫోల్డర్ సృష్టించి దాన్ని షేర్ చేయండి. డిస్క్ లేకపోతే ఆ ఫోల్డరూ ఉండదు, షేర్ తెరుచుకోదు, వెంటనే ఎవరో ఒకరు అరుస్తారు. అరవడమే మనకు కావాలి.

ఇక హక్కులు. పని కాకపోతే చాలామంది చేసేది ఫోల్డర్‌కి 777 (ఎవరైనా చదవొచ్చు, రాయొచ్చు అనే అంకె) కొట్టేయడం. అది ఆ పూటకి పనిచేస్తుంది. రేపు కొత్తగా పడే ఫైల్‌కి మళ్లీ పాత కథే, ఎందుకంటే సాంబాలో కొత్త ఫైల్‌కి ఏ హక్కులు దక్కాలో చెప్పే మాస్క్ డిఫాల్ట్‌గా 0744. అంటే సృష్టించినవాళ్లు తప్ప మిగతావాళ్లు చదవగలరు గానీ రాయలేరు. ‘తెరుచుకుంటోంది గానీ సేవ్ అవట్లేదు’ అనే ఫిర్యాదు వచ్చిందంటే ముందు ఇక్కడే చూడండి. ఆఫీసుకి ఒక గ్రూప్ పెట్టి, ఫోల్డర్‌కి 2770 (గ్రూప్‌లోవాళ్లకే చదివే, రాసే హక్కు) ఇచ్చి, షేర్‌లో ఫైల్ మాస్క్ 0660, డైరెక్టరీ మాస్క్ 2770, ఫోర్స్ గ్రూప్‌కి ఆ గ్రూప్ పేరు రాస్తే గొడవ వదిలిపోతుంది.

పాస్‌వర్డ్ లేకుండా గెస్ట్‌గా అందరినీ రానిచ్చే పాత పాఠాలు నెట్‌లో ఇంకా తిరుగుతున్నాయి. నమ్మకండి. విండోస్ 11లో 24హెచ్2 అప్‌డేట్ వచ్చాక ప్రొ ఎడిషన్ కూడా అలాంటి గెస్ట్ షేర్‌ని డిఫాల్ట్‌గా తిప్పికొడుతుంది. విండోస్ భద్రత తగ్గించి దారి చేసుకునే బదులు మనిషికో యూజర్ పేరు ఇవ్వండి. సాంబా పాస్‌వర్డ్ వేరు, లైనక్స్ పాస్‌వర్డ్ వేరు. ఒకటి మారిస్తే రెండోది దానంతట అది మారదు. ఉద్యోగం మానేసినవాళ్ల ఖాతాని రెండు చోట్లా ఆపాలి.

తెలుగు ఆఫీసులకి అసలు పరీక్ష ఫైల్ పేర్లలో ఉంది. ఎక్స్‌ట్4లో ఒక పేరుకి పరిమితి 255 బైట్లు. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైట్ చాలు, తెలుగు యూనికోడ్‌లో ఒక్కో గుర్తుకి మూడు బైట్లు. ‘శ్రీ’ ఒక్కటే నాలుగు గుర్తులు, 12 బైట్లు. మొత్తం మీద 85 గుర్తులు దాటితే పేరు పట్టదు. విండోస్ లెక్క వేరు కాబట్టి అక్కడ హాయిగా ఉన్న పేరు సర్వర్‌లోకి కాపీ చేసేసరికి ఎర్రర్ ఇస్తుంది. వధూవరుల పేర్లు, కల్యాణ మండపం, ముహూర్తం అన్నీ ఫైల్ పేరులోనే ఎక్కించే అలవాటు మనవాళ్లకి ఉంది కదా! అవన్నీ ఫోల్డర్లుగా విడగొట్టమని ముందే చెప్పండి.

ఇంకోటి చూడటానికి వింతగా ఉంటుంది. ఫోల్డర్‌లో ‘హైదరాబాద్’ అని రెండు ఫైళ్లు, అక్షరం తేడా లేకుండా. తేడా ఆ ‘హై’లో ఉంటుంది. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే గుర్తుగా రాయొచ్చు, ఎత్వమూ కింద ఐత్వపు గుర్తూ కలిపి రెండుగానూ రాయొచ్చు. పాత మ్యాక్ డిస్కులు వాడే హెచ్ఎఫ్ఎస్ ప్లస్ ఇలా విడగొట్టే దాచుకుంటుంది. అక్కడి నుంచి ఆర్‌సింక్ అనే కాపీ టూల్‌తో నేరుగా తెచ్చిన పేర్లు లైనక్స్‌లో అలాగే ఉండిపోతాయి. మైలవరం, కైకలూరు, అన్నిటికీ ఇదే గతి. వెతికితే ఒకటి దొరుకుతుంది, ఒకటి దొరకదు. పాత మ్యాక్ డేటా ఎక్కించేముందు కన్వ్‌ఎంవీ అనే టూల్‌తో పేర్లన్నీ ఎన్ఎఫ్‌సీ రూపంలోకి (ఐత్వం ఒకే గుర్తుగా ఉండే రూపం) మార్చండి. అది ముందు ఏం మారుతుందో చూపిస్తుంది, గట్టిగా చెబితేనే మారుస్తుంది కాబట్టి భయం లేదు.

పేర్లలో ప్రశ్నార్థకం, నక్షత్రం గుర్తు (*) లాంటివి మ్యాక్‌లో, లైనక్స్‌లో చెల్లుతాయి, కోలన్ (:) లైనక్స్‌లో చెల్లుతుంది. విండోస్‌లో చెల్లవు. ‘బిల్లు 12:5’ అని లైనక్స్‌లో పెడితే విండోస్‌లో మధ్యలో వంకర గీతతో అర్థంకాని పొట్టి పేరు కనిపిస్తుంది. తేదీలకి హైఫన్ వాడమనండి. మ్యాక్ ఉన్న ఆఫీసులో ఫ్రూట్ మాడ్యూల్ (సాంబాని మ్యాక్‌కి సర్దుబాటు చేసే భాగం) అన్ని షేర్లకీ పెట్టండి.

డిలీట్ గురించి స్టాఫ్‌కి కచ్చితంగా చెప్పాలి. నెట్‌వర్క్ ఫోల్డర్‌లో తీసేసింది విండోస్ రీసైకిల్ బిన్‌లోకి రాదు, పోతుంది అంతే. సాంబాలో రీసైకిల్ అనే మాడ్యూల్ ఉంది, తీసేసినవాటిని ఒక దాపుడు ఫోల్డర్‌లోకి జరుపుతుంది. ఇక్కడో మెలిక. సాంబా సెట్టింగ్ ఫైల్‌లో అన్ని షేర్లకీ వర్తించే గ్లోబల్ భాగంలో ఫ్రూట్ రాసి, షేర్‌లో రీసైకిల్ మాత్రం రాస్తే, షేర్ వరస గ్లోబల్ వరసని తుడిచేస్తుంది, ఆ షేర్‌లో ఫ్రూట్ ఉండదు. షేర్‌లో అన్నీ కలిపి మళ్లీ రాయాలి. టెంపరరీ ఫైళ్లని మినహాయించకపోతే బిన్ చెత్తతో నిండుతుంది. పాతవాటిని ఖాళీ చేసే క్రాన్ పని (వేళకి దానంతట అదే నడిచే పని) కూడా మీరే పెట్టాలి. ఒక ఫైల్ మీద తప్పు వెర్షన్ సేవ్ చేస్తే మాత్రం దీన్ని నమ్ముకోలేం. దానికి స్నాప్‌షాట్లు (ఆ క్షణానికి ఉన్న స్థితి నకళ్లు) కావాలి, అవి కావాలనుకుంటే డిస్క్‌ని ఎక్స్‌ట్4 బదులు బీటీఆర్ఎఫ్ఎస్ లేదా జెడ్ఎఫ్ఎస్‌లో ఫార్మాట్ చేయాలి.

పాత జిరాక్స్ మెషీన్ ‘స్కాన్ టు ఫోల్డర్’ పనిచేయట్లేదని ఎవరో ఒకరు అడుగుతారు. అది ఎస్ఎంబీ1 (ఎస్ఎంబీ పాత వెర్షన్) మాత్రమే మాట్లాడే మెషీన్ అయి ఉంటుంది. 2019లో వచ్చిన 4.11 నుంచి సాంబా దాన్ని డిఫాల్ట్‌గా మూసేసింది. ఒక్క మెషీన్ కోసం తలుపు మళ్లీ తెరవకండి. స్కాన్లు పెన్‌డ్రైవ్‌కో మెయిల్‌కో పంపించండి. 2017 మేలో వానాక్రై అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే ప్రోగ్రామ్) పాకింది విండోస్ ఎస్ఎంబీ1 లోపం మీదుగానే. మైక్రోసాఫ్ట్ ప్యాచ్ మార్చిలోనే ఇచ్చింది, వేసుకోనివాళ్లు దొరికిపోయారు. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు స్టేషన్ల కంప్యూటర్లకీ ఆ దెబ్బ తగిలింది. అదే నెలలో సాంబాలోనూ ఒక పెద్ద లోపం బయటపడింది. 3.5 వెర్షన్ నుంచీ ఉన్న ఆ లోపంతో, షేర్‌లో రాసే హక్కు ఉన్నవాళ్లు సర్వర్‌లో తమ కోడ్ నడిపించగలిగేవాళ్లు. కాబట్టి అప్‌డేట్లు ఆపేసిన పాత లైనక్స్ మీద సర్వర్ పెట్టకండి. ఇంటి నుంచి ఫైళ్లు కావాలని రౌటర్‌లో 445 పోర్ట్ (ఎస్ఎంబీ వాడే ద్వారం) తెరవడం అసలు వద్దు. వయర్‌గార్డ్ లాంటి వీపీఎన్ (బయటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వచ్చే రహస్య దారి) పెట్టుకోండి.

సర్వర్‌ని వైఫై మీద కాక కేబుల్ మీద ఉంచి, రౌటర్‌లో దానికి ఒకే ఐపీ కేటాయించండి. ఎండాకాలం కరెంటు సంగతి తెలిసిందే. యూపీఎస్ కొనడం ఒక్కటే చాలదు, దాని యూఎస్‌బీ వైర్ సర్వర్‌కి తగిలించి, బ్యాటరీ అయిపోయేలోపు సర్వర్ తనంతట తాను ఆగేలా ఎన్‌యూటీ అనే యూపీఎస్ టూల్ సెట్ చేయాలి. అవుట్‌లుక్ మెయిళ్లు దాచే పీఎస్‌టీ ఫైళ్లు షేర్‌లో పెట్టొద్దు, మైక్రోసాఫ్టే వద్దంటుంది.

రెయిడ్ (ఒకే డేటాని రెండు డిస్కుల్లోనూ ఉంచే పద్ధతి) ఉంది కదా, బ్యాకప్ ఎందుకు అనేవాళ్లుంటారు. రెయిడ్ డిస్క్ పాడైతే కాపాడుతుంది. అకౌంటెంట్ సిస్టమ్‌కి రాన్సమ్‌వేర్ సోకి, మ్యాప్ చేసిన డ్రైవ్‌లోని ఫైళ్లన్నీ తాళం పడితే రెండు డిస్కుల్లోనూ తాళమే పడుతుంది. పని అయ్యాక తీసి బీరువాలో పెట్టే డిస్క్ ఒకటి ఉండాలి.

స్టాఫ్‌ని మార్చేముందు టెస్ట్‌పార్మ్ కమాండ్‌తో సాంబా సెట్టింగ్‌లు చూసుకుని, ఒక ట్రయల్ ఫోల్డర్‌లో మూడు సిస్టమ్‌ల నుంచీ ఆడించి చూడండి. ఒకరు పెట్టిన తెలుగు పేరు ఫైల్‌ని ఇంకొకరు మార్చాలి, మూడోవాళ్లు తీసేయాలి, బిన్‌లోంచి మీరు వెనక్కి తేవాలి. ఇద్దరు ఒకే ఎక్సెల్ ఫైల్ తెరిస్తే రెండోవాళ్లకి హెచ్చరిక వస్తుందో లేదో చూడండి. పరీక్షించేటప్పుడు విండోస్‌లో 1219 ఎర్రర్ వస్తే కంగారు పడకండి. ఒకే సర్వర్‌కి రెండు యూజర్ పేర్లతో ఒకేసారి వెళ్లనివ్వదు, పాత కనెక్షన్ తెంచితే సరిపోతుంది. అంతా కుదిరాక డేటా ఎక్కించి, పాత సిస్టమ్‌లలోని ఫోల్డర్లని ఒక నెల పాటు రీడ్ ఓన్లీగా ఉంచండి. లేకపోతే సగం మంది అలవాటుగా పాతదాంట్లోనే సేవ్ చేస్తూ పోతారు.