మడమ నొప్పి, పాదాల నొప్పి: ఉపశమనానికీ నివారణకూ చేయవలసినవి

నిద్ర లేచి మంచం దిగి కాలు నేల మీద మోపగానే మడమలో కలుక్కుమని పోటు వస్తుంది. పది పదిహేను అడుగులు వేశాక అది కొంత సర్దుకుంటుంది, కాసేపు కూర్చుని లేస్తే మళ్ళీ పలకరిస్తుంది, సాయంత్రానికి సలుపుగా మారుతుంది. మడమ నొప్పితో బాధపడే పెద్దవారిలో ఎక్కువ మంది చెప్పే వరస ఇదే. 40 నుంచి 60 ఏళ్ళ మధ్య వయసువారిలో ఇది మరీ ఎక్కువ. దీనికి కారణం సాధారణంగా ఎముకలో కాక, మడమ ఎముక నుంచి వేళ్ళ మొదళ్ళ దాకా అరికాలి చర్మం కింద సాగుతూ పాదపు వంపును పట్టి ఉంచే ప్లాంటార్ ఫేషియా అనే దళసరి పట్టీలో ఉంటుంది. ఆ పట్టీ మడమ ఎముకను అంటిపెట్టుకున్న చోట పోగులు రోజూ పడే లాగుడుకు దెబ్బతిని, మానేలోపే మళ్ళీ దెబ్బతింటూ ఉంటే వచ్చే బాధనే ప్లాంటార్ ఫేషియైటిస్ అంటారు. రాత్రంతా పాదం కిందికి వాలి ఉండడం వల్ల పట్టీ కొంత కురచబడి బిగుసుకుంటుంది. పొద్దున్నే మొదటి అడుగులో శరీర బరువంతా పడి అది ఒక్కసారిగా సాగడంతో ఆ పోటు పుడుతుంది.

కాలు నొస్తోంది కాబట్టి కదపకుండా ఉంచాలనుకోవడం సహజమే కానీ, రోజుల తరబడి మంచానికే పరిమితమైతే పట్టీ మరింత బిగుసుకుంటుంది, పిక్క కండరాలు బలహీనపడతాయి, తిరిగి నడక మొదలుపెట్టిన మరుక్షణం నొప్పి తిరగబెడుతుంది. నిజానికి ఈ బాధ పాదం మోయగలిగినంత కంటే ఎక్కువ భారాన్ని దాని మీద మోపడం వల్ల వచ్చినది. అందువల్ల ఆ భారాన్ని కొన్నాళ్ళు తగ్గించి, ఈలోగా పాదానికి మోసే శక్తిని పెంచడమే సరైన వైద్యం. పరుగు, గెంతులు, గట్టి నేల మీద గంటల కొద్దీ నిలబడడం తగ్గించుకోవాలి. మామూలు నడకను, ఇంటి పనులను మాత్రం మానుకోనక్కర లేదు. వ్యాయామం వదలలేనివారు సైకిలు తొక్కడానికి, ఈతకు మారవచ్చు.

నొప్పి ఎక్కడుందో ముందు వేలితో గుర్తించండి

చికిత్స మొదలుపెట్టే ముందు, కుర్చీలో కూర్చుని నొప్పి ఉన్న పాదాన్ని రెండో తొడ మీద పెట్టుకుని, చేతి బొటనవేలితో మడమంతా నొక్కి చూసుకోవడం మంచిది. మడమ అడుగున, కాస్త ముందుకు, లోపలివైపు ఒకచోట నొక్కగానే ఉలిక్కిపడేలా నొప్పి పుడితే అది చాలావరకు ఫేషియా బాధే. మడమ అడుగున సరిగ్గా నడిమధ్యలో, చెప్పులు లేకుండా గట్టి నేల మీద నడిచినప్పుడు ఎక్కువగా నొస్తుంటే మడమ కింద ఉండే కొవ్వు మెత్త పలచబడి ఉండవచ్చు. అలాంటివారికి సాగదీసే వ్యాయామాల కంటే మెత్తని, లోతైన మడమ కప్పున్న పాదరక్షలే ఎక్కువ మేలు చేస్తాయి. నొప్పి మడమ వెనుక, పిక్క నుంచి దిగే లావుపాటి నరంలాంటి అకిలిస్ టెండన్ అతుక్కున్న చోట ఉంటే అది వేరే సమస్య. మడమను రెండు పక్కల నుంచి అరచేతులతో గట్టిగా అదిమినప్పుడు నొప్పి భరించలేకుండా ఉంటే, పైగా నడిచేకొద్దీ తగ్గకుండా పెరుగుతుంటే, ఎముకలో సన్నని పగులు ఉందేమోనని అనుమానించి వైద్యుణ్ణి కలవాలి.

ఎక్స్‌రేలో మడమ కింద ఎముక ముల్లులా పెరిగినట్టు కనిపించగానే చాలామంది కంగారుపడి, దాన్ని కోయించుకుంటే తప్ప నొప్పి పోదని నమ్ముతారు. ఏ నొప్పీ లేనివారి మడమల్లోనూ అలాంటి ముళ్ళు కనిపిస్తుంటాయి, నొప్పి పూర్తిగా తగ్గినవారిలోనూ అవి అలాగే ఉండిపోతాయి. కాబట్టి ఆ ఒక్క ఎక్స్‌రేను చూసి బెంగపడవలసిన పని లేదు.

మంచం దిగక ముందే చేయవలసిన వ్యాయామం

ఒక్క వ్యాయామం మాత్రమే చేయగలనని ఎవరైనా అంటే చెప్పవలసినది ఇదే. పొద్దున మెలకువ రాగానే కాలు కింద పెట్టకుండా మంచం అంచున కూర్చుని, నొప్పి ఉన్న కాలిని రెండో మోకాలి మీదకు తెచ్చుకోవాలి. అదే వైపు చేతితో కాలి వేళ్ళను, ముఖ్యంగా బొటనవేలిని, మొదళ్ళ దగ్గర పట్టుకుని ముంగాలి ఎముక వైపుకు మెల్లగా వెనక్కి వంచాలి. సరిగ్గా చేస్తున్నారో లేదో తెలియాలంటే రెండో చేతి బొటనవేలితో అరికాలిని తడిమి చూడండి. వంపు దగ్గర చర్మం కింద పట్టీ బిగిసిన తాడులా చేతికి తగలాలి. అలా తగలకపోతే వేళ్ళను ఇంకొంచెం వంచాలి. పది అంకెలు లెక్కపెట్టేదాకా ఆపి వదిలి, మొత్తం పదిసార్లు చేయాలి. ఇదే పద్ధతిని రోజుకు మూడుసార్లు పాటించాలి, వాటిలో ఒకటి తప్పకుండా మొదటి అడుగుకు ముందే ఉండాలి. పగలు చాలాసేపు కూర్చుని లేవబోయే ముందు కూడా నాలుగైదుసార్లు చేస్తే, లేచిన వెంటనే వచ్చే పోటు బాగా తగ్గుతుంది.

దీనికి తోడుగా పిక్కను సాగదీయాలి, ఎందుకంటే పిక్క బిగుసుకుపోయి చీలమండ సరిగా వంగనివారిలో ప్రతి అడుగులోనూ ఫేషియా మీద అదనపు లాగుడు పడుతుంది. గోడకు రెండు చేతులూ ఆనించి, నొప్పి ఉన్న కాలిని వెనక్కి పెట్టి, ఆ మోకాలిని నిటారుగా ఉంచి, మడమ నేలను వదలకుండా, పిక్కలో లాగినట్టు అనిపించేదాకా ముందుకు వంగాలి. 30 సెకన్లు ఆగి వదలాలి. తరువాత అదే భంగిమలో వెనుక మోకాలిని కొద్దిగా వంచి మరో 30 సెకన్లు ఆగాలి. మోకాలు వంచినప్పుడు పిక్కలో లోతుగా ఉండే రెండో కండరం సాగుతుంది కాబట్టి ఈ రెండో భాగాన్ని వదిలేయకూడదు. వెనుక పాదం బయటికి తిరగకుండా నేరుగా గోడ వైపే ఉండాలి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే.

నొప్పి కాస్త అదుపులోకి వచ్చాక బలం పెంచే వ్యాయామానికి రావాలి. మెట్టు అంచున పాదం ముందుభాగాన్ని మాత్రం ఆనించి, వేళ్ళు పైకి వంగి ఉండేలా వాటి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, పట్టుకోవడానికి ఆధారం చూసుకుని, మూడు సెకన్లలో మడమను పైకి ఎత్తి, రెండు సెకన్లు పైనే ఆపి, మూడు సెకన్లలో కిందికి దించాలి. మొదట్లో రెండు కాళ్ళ మీదా, అలవాటయ్యాక ఒంటి కాలి మీదా, రోజు విడిచి రోజు, పన్నెండుసార్లు చొప్పున మూడు విడతలు చేస్తే చాలు. చేసేటప్పుడు కొద్దిపాటి నొప్పి ఉన్నా భయం లేదు. మర్నాడు ఉదయం పోటు మామూలు కంటే ఎక్కువగా ఉంటే మాత్రం మోతాదు తగ్గించాలి. మడమ వెనుక టెండన్ అతుక్కున్న చోట నొప్పి ఉన్నవారు మడమను మెట్టు అంచు కంటే కిందికి దించకుండా, సమతలం మీదే ఈ వ్యాయామం చేయాలి. వారికి పిక్కను గట్టిగా సాగదీయడం కూడా కొన్నిసార్లు నొప్పిని పెంచుతుంది.

నీళ్ళు నింపి గడ్డకట్టించిన చిన్న సీసాను పలచని గుడ్డలో చుట్టి, కూర్చుని అరికాలి కింద ముందుకూ వెనక్కూ పది పదిహేను నిమిషాలు దొర్లిస్తే సాయంత్రపు సలుపు తగ్గుతుంది. పాదాల్లో స్పర్శ తగ్గినవారు, రక్తప్రసరణ సరిగా లేనివారు మంచును గానీ వేడి కాపడాన్ని గానీ వాడకూడదు. ఐబుప్రోఫెన్ వంటి నొప్పి మాత్రలు కొద్ది రోజులు ఊరట ఇస్తాయి కానీ, దీర్ఘకాలం నుంచి బాధ ఉన్నవారిలో వాపు కంటే పోగులు క్షీణించడమే ఎక్కువ కాబట్టి వాటితో సమస్య తీరిపోదు. కడుపులో పుండు, మూత్రపిండాల జబ్బు, గుండె జబ్బు ఉన్నవారు వైద్యుణ్ణి అడగకుండా వాటిని మింగనే కూడదు.

పాదరక్షల సంగతి

ఇంత శ్రద్ధగా వ్యాయామాలు చేసి, మిగతా పద్నాలుగు గంటలూ అరిగి పల్చబడ్డ చెప్పులతో గట్టి నేల మీద తిరిగితే ఫలితం దక్కదు. నొప్పి ఉన్నన్నాళ్ళు ఇంట్లో కూడా మెత్తని అట్ట, పాదపు వంపుకు ఆసరా ఉన్న చెప్పులు వేసుకుని తిరగాలి, వాటిని మంచం పక్కనే పెట్టుకోవాలి. బూటును కొనేముందు మూడు పరీక్షలు చేయవచ్చు. ముందూ వెనుకా పట్టుకుని వంచితే అది వేళ్ళ మొదళ్ళ దగ్గర వంగాలి తప్ప నడుమ మడతపడకూడదు. బట్ట పిండినట్టు మెలిపెడితే సులువుగా మెలితిరగకూడదు. వెనుక మడమను పట్టే గోడను వేలితో నొక్కితే అది లోపలికి కుంగిపోకూడదు. పాదాలు పగలంతా కొంత ఉబ్బుతాయి కాబట్టి కొనుగోలుకు సాయంత్రం వెళ్ళాలి, నిలబడి రెండు కాళ్ళకూ తొడిగి చూడాలి, అన్నిటికంటే పొడవైన వేలికీ బూటు కొసకీ మధ్య సుమారు ఒక సెంటీమీటరు ఖాళీ ఉండాలి. లోపలి అట్ట ఊడివచ్చే రకమైతే దాన్ని నేల మీద పరిచి దానిపై నిలబడి చూడటం తేలికైన పద్ధతి. వేళ్ళు గానీ పాదపు అంచు గానీ అట్ట దాటి బయటికి వస్తే ఆ బూటు ఎంత నచ్చినా వదిలేయాలి.

పూర్తిగా చదునైన అట్ట కంటే మడమ దగ్గర రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తున్నది ఈ బాధలో హాయిగా ఉంటుంది. అంతకు మించిన ఎత్తుమడమలు బరువునంతా ముందుకు నెట్టి వేళ్ళ మొదళ్ళ దగ్గర కొత్త నొప్పిని తెచ్చిపెడతాయి. పాదం కొలతలు తీసి ప్రత్యేకంగా చేయించే ఖరీదైన లోపలి అట్టల కోసం తొందరపడనక్కర లేదు, చాలామందికి సిద్ధంగా దొరికే గట్టి రకమే సరిపోతుంది.

పాదం ముందుభాగపు నొప్పులను గురించి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. వేళ్ళ మొదళ్ళ అడుగున రాయి తొక్కినట్టుండే నొప్పికి ఇరుకు బూట్లు, ఎత్తుమడమలు ముఖ్య కారణాలు. మూడో వేలికీ నాలుగో వేలికీ మధ్య మంట, తిమ్మిరి వస్తూ బూటు విప్పగానే తగ్గితే అక్కడి నరం నలుగుతోందని అర్థం. రెంటికీ ముందుభాగం వెడల్పుగా ఉన్న బూటే మొదటి మందు. మడమ చర్మం పగిలి నొస్తుంటే యూరియా కలిసిన లేపనాన్ని రాత్రిపూట రాసి సాక్సు వేసుకోవాలి. ఆనెకాయలను బ్లేడుతో కోసుకోకూడదు.

మళ్ళీ రాకుండా ఉండాలంటే ముందుగా చూడవలసినది శరీర బరువు, ఆ తరువాత హఠాత్తుగా పెంచే శ్రమ. నడకనో పరుగునో కొత్తగా మొదలుపెట్టినవారు దూరాన్నీ వేగాన్నీ ఒకే వారంలో పెంచకుండా, ఒకటి పెంచినప్పుడు రెండోదాన్ని అలాగే ఉంచాలి. పరుగు బూట్లు పైకి బాగానే కనిపించినా సుమారు 500 నుంచి 800 కిలోమీటర్ల తరువాత లోపలి మెత్తదనం పోగొట్టుకుంటాయి. వృత్తిరీత్యా నిలబడక తప్పనివారు కాళ్ళ కింద దళసరి రబ్బరు చాప వేసుకుని, మధ్యమధ్య మడమలు ఎత్తి దించుతూ, వీలైనప్పుడల్లా కూర్చోవాలి. పిక్కను సాగదీసే వ్యాయామాన్ని నొప్పి పోయాక కూడా వారానికి కొన్ని రోజులు కొనసాగించాలి. నొప్పి తగ్గగానే మానేసినవారికే అది ఎక్కువగా తిరగబెడుతుంది.

ఎన్నాళ్ళు, ఎప్పుడు వైద్యుడు

ఈ బాధ నెమ్మదిగా తగ్గుతుంది. కొన్ని వారాల్లో తేడా తెలుస్తుంది కానీ పూర్తిగా పోవడానికి కొన్ని నెలలు, ఒక్కోసారి ఏడాది పట్టవచ్చు. శస్త్రచికిత్స లేకుండానే దాదాపు అందరికీ నయమవుతుంది. స్టెరాయిడ్ ఇంజెక్షన్ త్వరగా ఊరట ఇచ్చినా ఆ ప్రభావం ఎక్కువ కాలం నిలవదు. పదేపదే వేయించుకుంటే పట్టీ తెగిపోవడానికి, మడమ కింది కొవ్వు కరగడానికి అవకాశం ఉంటుంది కాబట్టి అది మొదటి ఎంపిక కాకూడదు. ఆరు వారాలు క్రమంగా వ్యాయామాలు చేసినా మార్పు లేకపోతే ఎముకల వైద్యుణ్ణి గానీ ఫిజియోథెరపిస్టును గానీ కలవాలి.

కొన్ని లక్షణాలకు మాత్రం ఆరు వారాలు ఆగకూడదు. పడిన తరువాత కాలు మోపలేకపోవడం, జ్వరంతో పాటు మడమ ఎర్రబడి వేడిగా ఉబ్బడం, పరుగులో టప్‌మని శబ్దం వచ్చి మునివేళ్ళ మీద నిలబడలేకపోవడం వంటివి ఉంటే అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. రాత్రి నిద్రలో కూడా వదలని నొప్పినీ, తిమ్మిరినీ త్వరగా చూపించుకోవాలి. రెండు మడమలూ ఒకేసారి నొస్తూ ఉదయం నడుమూ కీళ్ళూ అరగంటకు పైగా బిగుసుకుపోయి ఉంటే అది కీళ్ళవాతం కావచ్చు, దానికి రక్తపరీక్షలు అవసరం. ఆటలాడే ఎనిమిది నుంచి పద్నాలుగేళ్ళ పిల్లల్లో మడమ వెనుక వచ్చే నొప్పి తరచు ఎముక ఎదిగే భాగం ఒత్తిడికి గురవడం వల్ల వస్తుంది, ఆట తగ్గించి మడమ కింద మెత్త పెడితే అది కాలక్రమాన తగ్గిపోతుంది. మధుమేహం ఉన్నవారు నొప్పి ఉన్నా లేకపోయినా రోజూ రాత్రి అరికాళ్ళనూ వేళ్ళ సందులనూ అద్దం సాయంతో చూసుకోవాలి, చిన్న బొబ్బ కనిపించినా, ఒక పాదం రెండోదాని కంటే వేడిగా అనిపించినా సొంత వైద్యం చేసుకోకుండా మర్నాటికల్లా వైద్యుడికి చూపించాలి.