వానలకి ముందు వంటింట్లో, బాత్‌రూమ్‌లో పని పెడుతున్నారా? ముందు బోరు నీళ్లు చూడండి

మన గోదావరి వైపు ఇంటి రిపేర్లన్నీ ఎండాకాలంలోనే పెట్టుకుంటాం. దాళ్వా, అంటే రెండో పంట వరి కోతలు అయిపోయి ఉంటాయి, పిల్లలకి సెలవులు, వాన భయం లేదు. అంతా బాగానే ఉంది గానీ సరిగ్గా అప్పుడే కాలువలు కట్టేస్తారు. ధవళేశ్వరం ఆనకట్ట నుంచి మళ్లీ జూన్‌లో నీళ్లు వదిలేదాకా సిమెంటు మాలు కలపాలన్నా, గోడ తడపాలన్నా బోరే గతి. రాజోలు, అంతర్వేది, నరసాపురం, మొగల్తూరు వైపైతే ఆ బోరు నీళ్లు ఎంత ఉప్పగా ఉంటాయో చెప్పక్కర్లేదు. చుట్టూ రొయ్యల చెరువులున్న ఊళ్లయితే ఇంకా ఘోరం.

అందుకే షాపుకెళ్లి టైల్స్ రంగులు చూసే ముందు మీ బోరు నీళ్లు ఒక సీసాలో పట్టి టెస్టుకి ఇవ్వండి. క్లోరైడ్ (ఉప్పు), కాఠిన్యం, ఇనుము ఎంతున్నాయో అడగండి. కాంక్రీటు పనికి ఉన్న భారత ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం కాంక్రీటుకి వాడే నీళ్లలో క్లోరైడ్ లీటరుకి 2000 మిల్లీగ్రాములు దాటకూడదు, లోపల ఇనుప చువ్వ ఉంటే 500 దాటకూడదు. దాటిందంటే మాలుకీ, తడపడానికీ మంచినీళ్ల ట్యాంకర్ తెప్పించుకోండి. ఖర్చే, కానీ కొత్త టైల్స్ జాయింట్లలోంచి తెల్లటి ఉప్పు పొంగుకొస్తుంటే రోజూ గీక్కుంటూ కూర్చోవడం కన్నా నయం. ఇసుక కూడా ఏటి ఇసుకే అని రూఢి చేసుకోండి, సముద్రం పక్క ఇసుక వద్దు.

ఇక చెక్క సంగతి. ఇక్కడ నేను దెబ్బ తిన్నాను కాబట్టి కాస్త ఎక్కువ చెప్తాను. మా వంటింటికి ఓ షాపువాడు 'వాటర్‌ప్రూఫ్ ప్లై' అని చెప్పి కప్‌బోర్డులు చేయించాడు. పైన సన్‌మైకా అద్దంలా మెరిసిపోయింది. రెండో వానాకాలంలో సింకు కింద తలుపు తెరవబోతే రాలేదు, అడుగు ఉబ్బి బిగుసుకుపోయింది. గట్టిగా లాగి చూస్తే అడుగు పలక అంచు పూతరేకుల్లా పొరలు పొరలుగా విడిపోయి ఉంది. చేత్తో తీస్తే వచ్చేస్తోంది, వాసన వేరే. 'వాటర్‌ప్రూఫ్' అన్న మాటకి విలువ లేదండి, పలక మీద ఐఎస్ఐ ముద్ర పక్కన ఏ నంబరుందో చూడాలి. ఐఎస్ 303 అంటే మామూలు ప్లైవుడ్, అందులో మరిగే నీళ్లకి ఆగే బీడబ్ల్యూఆర్ రకం కాస్త మేలు. ఐఎస్ 710 అంటే మెరైన్ గ్రేడ్, ముక్కని 72 గంటలు నీళ్లలో మరగబెట్టినా పొరలు ఊడకూడదన్నది దాని పరీక్ష. సింకు కిందికీ, బాత్‌రూమ్‌లో అద్దం కింద పెట్టెకీ ఈ 710 తప్ప ఇంకోటి ఒప్పుకోకండి. ముద్ర కింద ఉండే లైసెన్సు నంబరుని బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూస్తే అది ఏ కంపెనీదో తెలిసిపోతుంది. కోసిన ప్రతి అంచుకీ, పైపు కోసం చేసిన కన్నానికి కూడా, పట్టీ గానీ సీలర్ గానీ పడాల్సిందే, ఎందుకంటే నీళ్లు దూరేది అక్కడి నుంచే. చెక్క పీచూ పొట్టూ జిగురుతో నొక్కి చేసే ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు జోలికి ఈ రెండు గదుల్లో మాత్రం వెళ్లొద్దు.

నన్నడిగితే వంటగట్టు కింద చెక్కే వద్దు. పాత పద్ధతిలో కడప బండలతో అరలు కట్టించి ముందు తలుపులు మాత్రం బిగించుకోండి. చెదలు పట్టవు, వరద నీళ్లు లోపలికొచ్చినా కడిగేసుకోవచ్చు. గోదావరి లంకల్లో ఉండేవాళ్లకి ఇది నేను చెప్పేదేముంది, 2022 జులై వరదల్లో చూశారుగా.

గట్టు మీదికి గ్రానైటే. పాలరాయి చూడ్డానికి బాగుంటుంది, కానీ పులుసులు పెట్టుకునే ఇంట్లో చింతపండు, నిమ్మకాయ పడ్డచోటల్లా మెరుపు పోయి మచ్చ నిలిచిపోతుంది. ఇప్పుడు అందరూ క్వార్ట్జ్ అంటున్నారు. పులుపుకి బాగానే ఆగుతుంది గానీ అందులో రాతిపొడిని అంటించేది రెజిన్, పొయ్యి మీంచి దింపిన పులుసు దాకని అలాగే పెట్టేశారంటే రంగు మారిపోవచ్చు.

సింకు కొనేటప్పుడు షాపువాళ్లు అయస్కాంతం పెట్టి 'చూశారా అంటుకోలేదు, అసలైన స్టీలు' అంటారు. 202 రకం కూడా అంటుకోదు! అందులో నికెల్ తక్కువ, ఉప్పు గాలికి తొందరగా తుప్పు చుక్కలు వేస్తుంది. 304 అని బిల్లు మీద రాయించుకోండి, సముద్రం దగ్గరైతే 316 దొరికితే మరీ మంచిది. కుళాయిలైతే ఇత్తడివి తీసుకోండి, చేత్తో పట్టుకుంటేనే బరువు తెలుస్తుంది. కప్‌బోర్డు హింజెస్, స్క్రూలు కూడా స్టీలువే. తలుపు బాగుండి స్క్రూ తుప్పు పట్టి ఊడిపోవడం మా ఇంట్లో మూడుసార్లు అయింది.

బాత్‌రూమ్ నేలకి గోడ టైల్స్ వేయకండి. గోడకి వేసే సిరామిక్ టైలు తన బరువులో 10 శాతం పైగా నీళ్లు పీలుస్తుంది, విట్రిఫైడ్ అయితే 0.5 శాతం లోపే. నేలకి గరుకుగా ఉండే యాంటీ స్కిడ్ తీసుకోండి, డబ్బా మీద జారకుండా ఆగే గ్రేడు ఆర్11 అని ఉంటే పెద్దవాళ్లున్న ఇంటికి బాగుంటుంది. మరీ గరుకైతే పాచి పట్టి రుద్దలేక చస్తాం, అదీ చూసుకోవాలి. బోరులో ఇనుముంటే తెల్ల టైలు, తెల్ల బేసిన్ మీద ఆరు నెలల్లో ఎర్ర చారలు పడతాయి, కాబట్టి లేత బూడిద రంగో, ఇసుక రంగో చూసుకోండి. జాయింట్లలో తెల్ల సిమెంటు బదులు ఎపాక్సీ గ్రౌట్ పోయించండి. రేటు ఎక్కువే, కానీ పసుపు, ఆవకాయ నూనె దిగవు, యాసిడ్ పడ్డా తెల్ల సిమెంటులా కరిగిపోదు. అన్నట్టు, వంటిల్లు పగలగొట్టించేది మేలోనే అయితే ఆవకాయ ముందే పెట్టేసుకోండి, లేకపోతే పుట్టింటికి పరిగెత్తాలి.

బాత్‌రూమ్ తలుపుకి ఫ్లష్ డోర్ వద్దు, అడుగు నానిపోతుంది. గ్రానైట్ ఫ్రేము, చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసే డబ్ల్యూపీసీ తలుపు సరిపోతాయి. గీజరు లైనుకి ఎర్తింగు, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్చి ఉన్నాయో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి, తడి చేతుల వ్యవహారం.

చివరిగా టైల్స్ వేయకముందే చేయాల్సిన పని ఒకటుంది. వాటర్‌ప్రూఫింగ్ పూత ఆరాక నీళ్లు పోయే కన్నానికి గుడ్డ కుక్కి, నేలంతా నాలుగు వేళ్ల మందాన నీళ్లు నిలబెట్టించండి. నీటి మట్టం దగ్గర గోడ మీద సుద్దతో గీత గీయండి. మేస్త్రి రెండు గంటలకే 'దిగలేదండి, చాలండి ఆయ్' అంటాడు. చాలదు, కనీసం 24 గంటలు ఉంచాలి. మర్నాడు పొద్దున్నే గీత చూసి, పక్క గది గోడకీ, కింద ఇల్లుంటే దాని కప్పుకీ అరచేయి ఆనించి చల్లగా తగులుతోందేమో చూసుకుని, అప్పుడు టైల్స్ లోపలికి తెమ్మనండి.