స్విమ్మింగ్ పూల్‌లో నీళ్లు ఎటు పోతున్నాయి? టైల్స్ పగలగొట్టే ముందు ఇవి చూడండి

షాద్‌నగర్, కడ్తాల్, చౌటుప్పల్ వైపు ఫాంహౌస్ కట్టేవాళ్లలో చాలామంది చిన్న పూల్ కూడా కట్టించుకుంటున్నారు. ఎండలు ముదిరాయంటే చాలు, "నీళ్లు ఆగట్లేదు" అని మొదలవుతుంది. మేస్త్రి వచ్చి టైల్స్ మీద టకటకా కొట్టి, ఇక్కడ డొల్లగా ఉంది, పగలగొడదాం అంటాడు. ఒప్పుకోకండి. డొల్ల శబ్దం వస్తే ఆ టైల్ కింద సిమెంటు సరిగా పట్టలేదని తెలుస్తుంది, అంతే.

ముందు అసలు లీకు ఉందో లేదో తేలాలి. మే నెల ఎండకు, వడగాలికి రోజుకు సెంటీమీటరు దాకా ఆవిరి కావడం మామూలే. 10 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు పూల్‌లో సెంటీమీటరు అంటే 500 లీటర్లు, అంటే పది రోజులకు ఒక 5,000 లీటర్ల ట్యాంకర్ ఎండకే పోతుంది.

తేల్చడానికి ఖాళీ పెయింట్ బకెట్ చాలు. పూల్ మెట్టు మీద పెట్టి, తేలకుండా లోపల రెండు రాళ్లు వేసి, పూల్ మట్టానికి సమానంగా బకెట్‌లో నీళ్లు పోయండి. లోపలి మట్టానికి, బయటి మట్టానికి మార్కర్‌తో గీతలు గీసి 24 గంటలు వదిలేయండి. ఆ రోజు పిల్లల్ని దిగనివ్వొద్దు, వాన పడితే మళ్లీ మొదటి నుంచే. పూల్‌ను దానంతటదే నింపే ఫ్లోట్ వాల్వ్ ఉంటే కట్టేయడం మర్చిపోవద్దు, లీకును నెలల తరబడి కనపడకుండా దాచేది అదే. రెండూ సమానంగా తగ్గితే అది ఎండ పనే. బయట ఎక్కువ తగ్గితే లీకు ఉన్నట్టు.

ఇప్పుడు ఇదే పరీక్ష మోటారు నడుపుతూ ఒకరోజు, ఆపి ఒకరోజు చేయండి. నడిచినప్పుడు ఎక్కువ పోతుంటే ఫిల్టర్ నుంచి పూల్‌కు తిరిగొచ్చే పైపులను అనుమానించాలి. ఆపినప్పుడే ఎక్కువ పోయి, నడిచేటప్పుడు పూల్‌లోకి నీళ్లతో పాటు బుడగలు వస్తుంటే మోటారు నీళ్లు లాగే వైపు చూడాలి. రెండు రోజులూ ఒకేలా పోతే ఎక్కువగా గోడలోనో, ఫిట్టింగుల దగ్గరో ఉంటుంది.

పంపు రూమ్‌లో ఇంకో రెండు చూడండి. మన బోరు నీళ్లలో సున్నం ఎక్కువ కాబట్టి చుక్కచుక్కగా కారే జాయింట్ తడిగా లేకపోయినా తెల్లగా పొక్కు కట్టి ఉంటుంది. బ్యాక్‌వాష్ నీళ్లు, అంటే ఫిల్టర్ కడిగిన మురికి నీళ్లు, బయటకు పోయే పైపు చివర చెయ్యి పెట్టండి, ఫిల్టర్ మామూలుగా నడుస్తుంటే అక్కడ చుక్క రాకూడదు. వస్తోందంటే ఫిల్టర్ వాల్వ్ లోపలి రబ్బరు పోయింది, చాలా చవకలో తేలిపోయినట్టే.

గోడ అనుమానమైతే మోటారు ఆపి నీళ్లు కదలకుండా నిలవనివ్వండి. సిరంజీలో ముదురు ఫుడ్ కలర్ తీసుకుని స్కిమ్మర్‌కూ (పైన తేలే చెత్తను లాగే డబ్బా) గోడకూ మధ్య అతుకు దగ్గర, పగుళ్ల దగ్గర, టైల్స్ మధ్య నింపిన గ్రౌట్ ఊడిన చోట మెల్లగా వదలండి. రంగు అక్కడే మబ్బులా తేలితే ఫర్వాలేదు, సన్న గీతలా సాగి లోపలికి పోతే దొరికింది. లైటు చుట్టూ ముఖ్యంగా చూడండి, వైరు వచ్చే గొట్టం సరిగా మూయకపోతే అందులోంచే నీళ్లు జారిపోతాయి. లైటు దగ్గరికి వెళ్లే ముందు మెయిన్ ఆఫ్ చేయాల్సిందే.

మట్టం ఎక్కడ ఆగుతుందో చూద్దామని కొంచెం దిగనివ్వొచ్చు. లైటు ఎత్తులో ఆగిందంటే అక్కడే వెతకండి. అంతేగానీ పూల్ మొత్తం ఖాళీ చేయొద్దు, వానాకాలంలో అయితే అసలే వద్దు. కింద ఊరిన నీళ్లు పైకి తోసి నేల పగులుతుంది, ఒక్కోసారి పూల్ మొత్తమే లేస్తుంది.

ఇన్ని చేశాక కూడా పైపు మీదే అనుమానం ఉంటే ప్లంబర్‌తో ఒక్కో లైను రెండు వైపులా మూసి నీళ్లతో ప్రెషర్ పెట్టించండి, గాలితో మాత్రం వద్దు, మూత ఎగిరి తగలొచ్చు. ప్రెషర్ మీటర్ ముల్లు ఏ లైనులో దిగుతుందో ఆ లైను మీదే తవ్వించండి.