అరిసెల పిండి ఆరిపోకుండా

సంక్రాంతికి అరిసెలు వండేవాళ్లు పాకం మీద పెట్టే శ్రద్ధ పిండి మీద కూడా పెట్టండి. పుష్యమాసపు చలిగాలికి తడిపిండి ఇట్టే ఆరిపోతుంది. అందుకే జల్లించిన పిండిని జల్లించినట్టే గిన్నెలో గట్టిగా అదిమి, తడిబట్ట కప్పి ఉంచండి. నీళ్లలో వేసిన పాకం మెత్తటి ఉండ కట్టగానే దించేయాలి. ఒకరు పిండి పోస్తుంటే ఇంకొకరు కలపాలి. ఒక్కరి వల్ల కాదు, పక్కింటి వదినగారిని తప్పకుండా పిలవండి. గుప్పెడు పిండి విడిగా ఉంచుకుని, ముందు ఒక్క అరిసె వేసి చూడండి. నూనెలో విచ్చిపోతే ఆ పిండి కలపండి. వేగినవి రెండు గరిటెల మధ్య నొక్కి, విడివిడిగా పరిచి, పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టండి. ఇరుగుపొరుగుకి పంచేవీ అంతే. వేడిమీద మూతపెడితే చెమ్మపట్టి బూజొస్తుంది.