పిల్లల కీళ్లవాతం – 3వ పాఠం: ఇంటి జబ్బుల పటం

పోయిన పాఠంలో పొద్దున లేవగానే కీళ్లు ఎంతసేపు బిగుసుకుంటున్నాయో నోట్‌బుక్‌లో రాయడం నేర్చుకున్నాం. అదే పుస్తకంలో వెనక పేజీ తీయండి.

విశాఖ కేజీహెచ్ ఓపీలోనైనా, రామ్‌నగర్ క్లినిక్కులోనైనా డాక్టరు "ఇంట్లో ఎవరికైనా ఉందా?" అనగానే మనం "లేదండీ" అనేస్తాం. అడిగింది కీళ్లవాతం ఒక్కటే అనుకుంటాం. 16 ఏళ్లలోపు మొదలై 6 వారాలకు మించి ఉండే ఈ జబ్బున్న పిల్లల ఇళ్లలో థైరాయిడ్, సోరియాసిస్, రుమటాయిడ్ కీళ్లవాతం, టైప్ 1 షుగర్ లాంటివి మామూలు కన్నా ఎక్కువగా కనిపిస్తాయి. అన్నీ ఒంటి రక్షణ వ్యవస్థ ఒంటి మీదే తిరగబడే ఆటోఇమ్యూన్ జబ్బులే.

అందుకే ఆ వెనక పేజీలో ఇంటి జబ్బుల పటం గీద్దాం. మగవాళ్లకు చతురస్రం, ఆడవాళ్లకు సున్నా. కింద బిడ్డ, తోబుట్టువులు. పైన అమ్మానాన్న, వాళ్ల తోబుట్టువులు. ఆపైన తాతలు, అమ్మమ్మ, నానమ్మ. మేనరికమైతే భార్యాభర్తల మధ్య జంట గీత గీయండి.

ఇక అడగడం. జబ్బు పేరు అడగొద్దు, మందు అడగండి. గాజువాకలో ఉన్న మేనత్తను "అత్తా, నీకు కీళ్లవాతం ఉందా?" అంటే "ఏటీ నేదమ్మా, వయసు నొప్పులే" అంటుంది. "వేసుకునే మాత్రల స్ట్రిప్పులన్నీ వాట్సాప్‌లో ఫొటో పెట్టత్తా" అనండి. అందులో వారానికి ఒక్కసారే వేసుకునే మెథోట్రెక్సేట్ ఉందంటే అవి వయసు నొప్పులు కాకపోవచ్చు. థైరాయిడ్‌కు వాడే థైరాక్సిన్ ఉంటే థైరాయిడ్ ఆపరేషన్ తర్వాత మొదలైందా, అంతకుముందే ఉందా అని రాయండి. షుగరైతే చిన్నప్పటి నుంచీ ఇన్సులిన్ మీదే ఉన్నవాళ్లు ముఖ్యం. నానమ్మ మోకాళ్ల అరుగుదల, చికున్‌గున్యా తర్వాత మిగిలిన నొప్పులు ఈ పటంలోకి రావు.

సోరియాసిస్ దగ్గర తొందరపడకండి. సంబంధాలు చెడతాయని దాస్తారు, లేదా చుండ్రు అనేస్తారు. అంటువ్యాధి కాదని ముందే చెప్పి, మోచేతుల మీద, తలలో పొలుసులు రాలతాయా, గోళ్ల మీద సూదితో పొడిచినట్టు గుంటలున్నాయా అని అడగండి. ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. బిడ్డ చర్మం మీద ఒక్క మచ్చ లేకపోయినా, కీళ్లవాతంతో పాటు వేలు మొత్తం ఉబ్బడం, గోటి మార్పులు, తల్లిదండ్రుల్లో గానీ తోబుట్టువుల్లో గానీ సోరియాసిస్, ఈ మూడింటిలో రెండుంటే దాన్ని సోరియాటిక్ రకంగా చూస్తారు.

నాన్నకు పొద్దున నడుం బిగుసుకుని, అటూ ఇటూ తిరిగితే వదులవుతుందా? కన్ను ఎర్రబడి, వెలుతురు చూడలేక ఎప్పుడైనా కంటి డాక్టరు దగ్గరికి వెళ్లారా? అదీ రాయండి. 6 ఏళ్లు దాటాక జబ్బు మొదలైన మగపిల్లల విషయంలో ఇది మరీ ముఖ్యం.

పటం గీస్తుంటే "మీ పుట్టింటి నుంచే వచ్చింది" అనే మాట ఎవరో ఒకరు అంటారు. అచ్చం ఒకేలా ఉండే కవలల్లో కూడా ఒకరికి వస్తే రెండోవారికి రాకపోవడమే ఎక్కువ. ఆ మాట అన్నవాళ్లకే పెన్నిచ్చి వాళ్ల వైపు నింపమనండి.

ఆదివారంలోగా చేయాల్సింది: జబ్బున్నవాళ్ల గడి నల్లగా నింపి, పక్కన జబ్బు మొదలైన వయసు, మందు పేరు రాయండి. తెలియనిచోట ప్రశ్నార్థకం పెట్టండి, "లేదు" అని రాయొద్దు. పేజీని ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకోండి. 4వ పాఠంలో నొప్పీ ఎరుపూ లేకుండానే ఈ పిల్లల కంట్లో వచ్చే వాపు గురించి, దానికి చేసే స్లిట్ ల్యాంప్ పరీక్ష గురించి చూద్దాం.